కిటికీ కన్నాలు మూయొద్దు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు. వానల్లో ట్రాక్ నిండి నీళ్లు హాల్లోకి వచ్చాయి. ఇప్పుడేమో మూసినా చల్లగాలి కొడుతోంది. ఫ్రేమ్ అడుగున బయటివైపు సన్నటి కన్నాలున్నాయి. వాటిని సిలికాన్‌తో మూయించేయమంటున్నారు. మూయించమంటారా?

జవాబు: వద్దు. ట్రాక్‌లో పడ్డ నీళ్లు బయటికి పోయే దారి అదే. మీ హాలు తడిసింది బహుశా అవి పూడుకుపోయినందుకే. రంగులు వేసేవాళ్లు పుట్టీతో కప్పేసిన కన్నాలూ కనిపిస్తుంటాయి.

ముందే తడపకండి, దుమ్ము బురదై మూలల్లోకి దిగిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో కదిపి ఎత్తేశాక, లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు గిన్నెల సబ్బు కలిపి తుడవండి. బాత్రూమ్ యాసిడ్ జోలికి పోవద్దు, అల్యూమినియం పాడవుతుంది. కన్నంలో చీపురుపుల్ల ఆడించి, ట్రాక్‌లో గ్లాసుడు నీళ్లు పోయండి (కింది ఫ్లోర్‌వాళ్లు బట్టలు ఆరేశారేమో చూసుకుని!). చకచకా బయటికి జారితే సరే, నిలిస్తే ఇంకా అడ్డముంది. తర్వాత నూనె రాయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

గాలి సంగతి వేరు. ఫ్యాన్ ఆపి, కర్టెన్లు పక్కకు కట్టి, వెలిగించిన అగరుబత్తిని అంచుల వెంట మెల్లగా తిప్పండి. పొగ వంగినచోటే సందు. రెండు రెక్కలు కలిసేచోట వంగితే ఊల్ పైల్, అంటే ఆ కుచ్చు పట్టీ, అరిగిందన్నమాట. కొత్తది కొనడానికి పాతముక్క తీసుకెళ్లండి, కానీ రాపిడి తగలని మూలనుంచి కత్తిరించాలి. అరిగిన ముక్క చూపిస్తే పొట్టి కుచ్చే ఇస్తారు. ఎత్తు ఎక్కువైతే రెక్క జరగదు.

రెక్క ఒకవైపు ఒరిగి పైన సన్నగా, కింద వెడల్పుగా సందు కనిపిస్తే రోలర్ (రెక్క అడుగున ఉండే చిన్న చక్రం) స్క్రూ తిప్పి సరిచేయించండి. రెక్క ఊడదీయాల్సొస్తే ఆ ఎత్తులో ఒక్కరే చేయొద్దు.

ఫ్రేముకీ గోడకీ మధ్య పొగ వంగితే, అక్కడ వేయాలి సిలికాన్. న్యూట్రల్ రకం అడగండి. వెనిగర్ వాసన కొట్టేది సిమెంటుకు సరిగా అంటదు. పాతది పూర్తిగా గీకి, గోడ ఆరాకే వేయించండి.

ప్రశ్న: వానలకు చెక్క కిటికీ రెక్క ఉబ్బి పట్టేస్తోంది. చిత్రిక పట్టించాలా?

జవాబు: ఇప్పుడు కాదు. చలికాలపు పొడిగాలికి చెక్క మళ్లీ కుంచించుకుంటుంది. ఇప్పుడే చెక్కిస్తే జనవరిలో సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. రాసుకునే అంచుకు కొవ్వొత్తి రుద్ది కాలక్షేపం చేయండి. ఈలోగా బందుల స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. చాలాసార్లు పట్టేసేది అందుకే.