టెస్టింగ్ నుంచి ప్రొడక్ట్ మేనేజర్‌గా మారాలంటే ఎంబీఏ చేయాలా?

"అన్నా, టెస్టర్‌గా మూడేళ్లయింది, మా కంపెనీ బాగా పెరుగుతోంది, ప్రొడక్ట్ మేనేజర్లని తీసుకుంటున్నారు, ఎంబీఏ చేయాలా లేక ఆన్‌లైన్ సర్టిఫికెట్ సరిపోతుందా" అని అడిగావు కదా తమ్ముడూ.

ప్రొడక్ట్ మేనేజర్ అంటే ప్రొడక్ట్‌లో ఏం కట్టాలి, ఏది ముందు అని తేల్చేవాడు, దానికి ఎంబీఏ తప్పనిసరి ఏం కాదు. గూగుల్ 2002లో అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ ప్రోగ్రాం పెట్టినప్పుడు అప్పుడే కాలేజీలోంచి బయటికొచ్చిన పిల్లల్నే తీసుకుంది. సర్టిఫికెట్ అంటావా, నేనైతే దాన్ని చూసి ఎవర్నీ తీసుకోలేదు, అది లేదని ఎవర్నీ వద్దనలేదు.

అసలు పనేంటో నాకు తెలిసొచ్చిన సంగతి చెప్తా. నేను ప్రొడక్ట్ మేనేజర్‌గా కొత్తగా చేరినప్పుడు ఒక పెద్ద కస్టమర్ మాకు ఎక్సెల్‌లోకి డౌన్‌లోడ్ చేసుకునే బటన్ కావాలన్నాడు, సేల్స్ వాళ్లు నన్నడక్కుండానే ఇచ్చేస్తాం అని మాటిచ్చేశారు, నేనూ బుద్ధిగా రాసుకుని టీంకి ఇచ్చేశా, ఆరు వారాలు పట్టింది, తీరా ఇచ్చాక చూస్తే నెల మొత్తం మీద మూడుసార్లు నొక్కారు. సిగ్గు విడిచి ఫోన్ చేసి ఆ ఫైల్‌తో ఏం చేస్తారు సార్ అని అడిగా. ప్రతి సోమవారం పొద్దున్నే మా బాస్‌కి నాలుగు నంబర్లు మెయిల్ పెట్టాలి, అంతే అన్నాడు! ఆ మెయిల్ దానంతటదే వెళ్లేలా చేయడం రెండ్రోజుల పని. ఆ ప్రశ్న మొదట్లోనే అడగాల్సింది, నేను అడగలేదు.

పెరిగే కంపెనీలో ఈ తప్పు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. ఇరవై మంది ఉన్నప్పుడు కస్టమర్ తిట్లు అందరి చెవినా పడతాయి, వంద దాటాక సేల్స్ ఒకటి చెప్తుంది, సపోర్ట్ ఇంకోటి చెప్తుంది, ఫౌండర్‌కి రాత్రికి రాత్రి మూడో ఐడియా వస్తుంది. పేరులో మేనేజర్ అని ఉంటుంది గానీ డెవలపర్లెవరూ నీ కింద ఉండరు, నువ్వు చెప్తే చేయాలనేం లేదు. ఇక్కడ ఉత్త "కుదరదు" అంటే గొడవే, "ఇది చేస్తే అది వచ్చే నెలకి పోతుంది, ఏది కావాలి" అని అడిగితే వాళ్లే తేల్చుకుంటారు, కనీసం సగం సార్లు.

తీసెయ్యడం కూడా ఈ పనిలో భాగమే. ఇన్‌స్టాగ్రామ్ మొదట బర్బన్ అనే యాప్, చెక్-ఇన్‌లు (ఎక్కడున్నామో చెప్పడం), పాయింట్లు, ఇంకా ఏవేవో ఉండేవి, జనం ఫొటోలే ఎక్కువ పెడుతున్నారని చూసి మిగతావి చాలావరకు పీకేసి 2010 అక్టోబర్‌లో కొత్తగా వదిలారు. కష్టపడి కట్టింది పీకమని టీంకి చెప్పడానికి గుండె కావాలి, నాకు చాలాకాలం లేదు.

నువ్వు చేయాల్సింది చెప్తా విను. బయట అప్లై చేయడం కన్నా ఉన్నచోట మారడం తేలిక, ప్రొడక్ట్ ఎక్కడ విరుగుతుందో నీకు తెలుసు కాబట్టి. ఒక నెలపాటు రోజూ సపోర్ట్ టికెట్లు, అంటే కస్టమర్లు పంపే ఫిర్యాదులు చదువు, మళ్లీ మళ్లీ వచ్చే ఒక ఇబ్బంది పట్టుకో, దాని మీద ఒక్క పేజీ రాయి: ఎవరికి ఇబ్బంది, ఇప్పుడెలా నెట్టుకొస్తున్నారు, సరిచేస్తే సరైందని దేన్ని చూసి తెలుస్తుంది. మీ ప్రొడక్ట్ మేనేజర్‌కి చూపించు, ఆయన ఎర్రగీతలు పెడితే ఇంకా మంచిది.

ఇంకోటి. టెస్టింగ్‌లో ఒక బగ్ (ప్రొడక్ట్‌లో తప్పు) క్లోజ్ చేస్తే సాయంత్రానికి ఇదిగో ఇది చేశా అని ఉంటుంది, ప్రొడక్ట్ మేనేజర్ పనిలో రోజంతా మాట్లాడి ఇంటికెళ్తే చేతిలో ఏమీ ఉండదు, మొదటి ఏడాది నాకు అదే చాలా కష్టమైంది, అది నీకు పడుతుందో లేదో కూడా ఆలోచించుకో.