డెర్, డీ, డాస్ దాటాక ఏముంటుంది?

ప్రశ్న: మేడమ్, నాకు జర్మన్ బీ1 (మధ్యస్థాయి) అయిపోయింది, డిగ్రీలో జర్మన్ భాషా సాహిత్యం తీసుకుందామనుకుంటున్నా. అక్కడ కూడా నామవాచకాల ముందు పెట్టే డెర్, డీ, డాస్ లాంటి ఈ గ్రామరేనా? లావు నవలలంటే మాత్రం భయం.

జవాబు: గ్రామర్ ఎక్కడికీ పోదులేమ్మా, కానీ అది గుమ్మం వరకే. లోపల మామూలుగా మూడు భాగాలుంటాయి, భాషాశాస్త్రం, మధ్యయుగ సాహిత్యం, ఆ తర్వాతి సాహిత్యం. మధ్యలోదాని దగ్గరే చాలామంది బెంబేలెత్తిపోతారు, ఎందుకంటే 1200 ప్రాంతంలో రాసిన నీబెలుంగెన్‌లీడ్ అనే వీరగాథా కావ్యం తెరిస్తే ఇది జర్మనేనా అనిపిస్తుంది. నాకైతే అదే భలే ఇష్టం! అప్పటి 'మీన్ హూస్' ఇప్పుడు 'మైన్ హౌస్' అయింది, అంటే నా ఇల్లు, ఇలా అచ్చులు ఎలా మారాయో పట్టుకుంటూ పోతే టైమే తెలీదు. ఇంగ్లీషు షిప్ జర్మన్‌లో షిఫ్, యాపిల్ ఏమో ఆప్ఫెల్, ఇదీ ఒక పద్ధతి ప్రకారం జరిగిన మార్పే.

నవలల సంగతంటావా, సన్నవి కూడా ఉన్నాయి. 1915లో వచ్చిన కాఫ్కా 'డీ ఫెర్వాండ్లుంగ్' (రూపాంతరం) తో మొదలుపెట్టు, చిన్నదే. ఆయన పుట్టింది అప్పట్లో ఆస్ట్రియా-హంగరీలో ఉన్న ప్రాగ్‌లో, జర్మన్ సాహిత్యమంటే జర్మనీ ఒక్కటే కాదు, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కూడా. జర్మన్ ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుందని అందరూ ఏడుస్తారు గానీ మనం తెలుగులో రోజూ చేసేది అదే కదా. కాకపోతే బీ1తో సెమినార్లో వాదించడం కష్టం, మొదటి ఏడాదిలోనే దాని పై మెట్టు బీ2 దాటేలా చూసుకో.