చిన్నోడు బాగానే పడుకుంటున్నాడు, పెద్దమ్మాయి సంగతే చూడండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఇందుకూరుపేట పక్కన పల్లె. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర పని చూసుకుని రాత్రి 10:30కి గానీ ఇంటికి రారు, పొద్దున 8 దాకా మాత్రం ఇంట్లోనే ఉంటారు. రెండేళ్ళ చిన్నోడు అస్సలు నిద్రపోవడం లేదండీ. 9 నుంచి జోకొడుతూనే ఉంటా, వాళ్ళ నాయన బండి చప్పుడు వినేదాకా కళ్ళు మూయడు. పడుకునేసరికి 11. పొద్దున 7కి లేస్తాడు, మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా పడుకుంటాడు. మూడో తరగతి చదివే రెండోవాడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి సోఫాలో ముప్పావు గంట ఒరుగుతాడు, రాత్రి తమ్ముడితో పాటే 11. 6:30కి లేపకపోతే వ్యాన్ వెళ్ళిపోతుంది. పెద్దమ్మాయి టెన్త్, దాని గురించి దిగుల్లేదు. 11కి పడుకున్నా 4:30కి అలారం పెట్టుకుని లేచి చదువుకుంటుంది. చిన్నోడికే ఏదన్నా టానిక్ రాయండి.

జవాబు: టానిక్ వద్దమ్మా, ముందు కాగితం తీసి లెక్క వేద్దాం. ఏ వయసుకి ఎంత నిద్ర కావాలో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ వాళ్ళు 2016లో చెప్పిన అంకెలనే నేనూ వాడతాను. 24 గంటల్లో, పగటి కునుకులతో కలిపి, ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి 11 నుంచి 14 గంటలు, 3 నుంచి 5 ఏళ్ళకి 10 నుంచి 13, 6 నుంచి 12 ఏళ్ళకి 9 నుంచి 12, 13 నుంచి 18 ఏళ్ళకి 8 నుంచి 10.

ఇప్పుడు మీ ఇంటికొద్దాం. చిన్నోడికి రాత్రి 8, పగలు 3, మొత్తం 11 గంటలు. కింది గీత మీదే ఉన్నాడు గానీ నిద్ర లేనివాడు కాదు, మిమ్మల్ని నిద్రపోనివ్వనివాడు. రెండోవాడికి ఏడున్నర, సోఫా మీద ముప్పావు, కలిపితే ఎనిమిదింబావు, కనీసం 9 కావాల్సినవాడికి. ఇక మీరు దిగుల్లేదన్న పెద్దమ్మాయికి ఐదున్నర! ఇంట్లో అందరికంటే ఎక్కువ అప్పు పడింది ఆ పిల్లే, ఏడవదు కాబట్టి ఎవరికీ కనపడలేదు.

తెల్లవారుజామున చదివితే బుర్రకెక్కుతుందని మన దగ్గర గట్టి నమ్మకం, ఎందుకంటే మనమూ అట్లాగే చదివాం. రాత్రి 9కే పడుకునే పిల్ల అయితే 4:30కి లేచినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ వయసులో ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది, అందుకని 9కి పడుకోమంటే పాపం నిద్ర రాదు, బద్ధకం కాదది. ఈ సంగతి చూసే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో పెద్ద తరగతుల బడులు 8:30కి ముందు మొదలుపెట్టొద్దంది. మన స్కూళ్ళు ఆ మాట వింటాయని నాకేం ఆశ లేదు. మీ చేతిలో ఉన్నది అలారం. దాన్ని 6:30కి జరపండి, రాత్రి 10:30కి పుస్తకం మూయించండి, అప్పటికి 8 గంటలు వస్తాయి. చదివింది మెదడు సర్దిపెట్టుకునేది నిద్రలోనే, కోసేసిన ఆ రెండు గంటల్లో పోయేది నిన్న చదివిందే. రాత్రి చదువు కోసం టీ పెట్టిస్తుంటే అది మానిపించండి, సాయంత్రం 4 తర్వాత వద్దు.

రెండోవాడికి సోఫా దగ్గరే చిక్కు. 6కి కునుకు తీసినవాడికి 9కి నిద్ర ఎట్లా వస్తుంది? ఆ వేళకి వీధిలోకి తోలండి, ఆడుకుని వచ్చి 7:30కి అన్నం తిని 9కల్లా పడుకుంటాడు. మొదటి వారం గోల చేస్తాడు, చేయనివ్వండి. చిన్నోడి మధ్యాహ్నం నిద్ర 12:30కే మొదలుపెట్టి 2:30కి లేపేయండి. అన్నదమ్ములిద్దరూ పడుకునే వేళకి ట్యూబ్‌లైట్, టీవీ రెండూ ఆపేయండి. నాయన్ని చూడాలన్న ఆశ తప్పు కాదు, ఆ ముచ్చట పొద్దుటికి మార్చండి, స్నానాలు పోయించే పని ఆయనకే అప్పజెప్పండి. రాత్రి మాత్రం వీధి మలుపులోనే ఇంజిన్ ఆపి బండి నెట్టుకుంటూ రమ్మనండి. నవ్వుతారేమో, ఇంతకంటే మంచి మందు నా దగ్గర లేదు.

ప్రశ్న: మా బాబుకి ఐదో నెల. రాత్రి మూడుసార్లు లేస్తాడు. గసగసాలు నూరి పాలల్లో పట్టిస్తే హాయిగా పడుకుంటాడని మా అత్తయ్య అంటున్నారు. పట్టించమంటారా? (కావలి)

జవాబు: వద్దు. గసగసాలు నల్లమందు చెట్టు గింజలే, వాటికి అంటిన మత్తు ఎంతో కంటికి తెలియదు, పసిబిడ్డకి ఊపిరి మందగించవచ్చు. 4 నెలల నుంచి ఏడాది దాకా 12 నుంచి 16 గంటల నిద్ర చాలు, అది ముక్కలుగానే వస్తుంది, పాలకి లేవడం జబ్బు కాదు. అత్తయ్యగారి మీద కోప్పడకుండా, రాత్రి ఒక విడత బిడ్డని ఎత్తుకోమని ఆవిడనే అడగండి. పడుకోబెట్టేటప్పుడు ఎప్పుడూ వెల్లకిలానే, బోర్లా వద్దు, మొహం దగ్గర దిండ్లూ మెత్తటి బొంతలూ ఉంచొద్దు.

ప్రశ్న: మా ఐదేళ్ళ బాబు 8:30కి పడుకుని 7కి లేస్తాడు, అయినా క్లాసులో ఒక్క చోట కూర్చోడని టీచర్ కంప్లైంట్. నోరు తెరిచి పెద్దాళ్ళలా గురక పెడతాడు. (ఒంగోలు)

జవాబు: గంటలు సరిపోయాయి, నిద్రే సరిపోలేదు. ముక్కు వెనక అడినాయిడ్లో, గొంతులో టాన్సిల్సో పెరిగితే గాలి ఆడక నిద్ర మాటిమాటికీ తెగిపోతుంది. నిద్ర చాలని పెద్దవాళ్ళు తూగుతారు, పిల్లలు చాలామంది గంతులేస్తారు, మనం అల్లరి అనుకుంటాం. పడుకున్నాక చొక్కా విప్పి, ఛాతీ కనపడేట్టు ఫోన్లో రెండు నిమిషాలు వీడియో తీయండి, గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టుంటే అది తప్పకుండా రికార్డు కావాలి. దాన్ని తీసుకుని ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. పగలు వాడు మీ పక్కన బుద్ధిగా కూర్చుని ఉంటే డాక్టర్‌కి ఏమీ కనపడదు.