పాత ఐబీఎం ఎక్స్‌టీ కంప్యూటర్ స్విచ్ వేస్తే ఫ్యాన్ కదిలి ఆగిపోతోంది, తెర వెలగడం లేదు. ఎక్కడ చూడాలి?

మానిటర్ జోలికి ఇప్పుడే పోకండి. ఫ్యాన్ ఒక్క కుదుపుతో ఆగిందంటే పవర్ సప్లై పోయిందని కాదు. ఎక్కడో షార్ట్ (కరెంటు నేరుగా గ్రౌండులోకి పోవడం) ఉంటే పవర్ సప్లై తనంతట తానే ఆగిపోతుంది.

ఈ తరం బోర్డుల్లో నా మొదటి అనుమానం ఎప్పుడూ టాంటలం కెపాసిటర్ల మీదే, అంటే వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న భాగాల మీద. చింతగింజంత ఉంటాయి, రెండు లేదా మూడు కాళ్లు. ప్లగ్ పీకి, బోర్డు పవర్ కనెక్టర్లు రెండూ ఊడదీసి, బోర్డు మీది 12 వోల్టుల పిన్నుకీ గ్రౌండుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఒకటి రెండు ఓములే చూపిస్తే షార్టే. కార్డులన్నీ తీసి మళ్లీ చూడండి: రీడింగ్ పెరిగితే లోపం కార్డులో, లేదంటే బోర్డులో. మైనస్ 12 లైనునీ వదలొద్దు. మార్చేటప్పుడు 16 వోల్టులదాని స్థానంలో 25 వోల్టులది వేయండి. ప్లస్ కాలు తిరగబడితే పేలుతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి!

కనెక్టర్లు తిరిగి పెట్టేటప్పుడు నల్ల తీగలన్నీ మధ్యలో పక్కపక్కన రావాలి. తారుమారైతే బోర్డు పోయినట్టే.

పవర్ నిలిచాక 5 వోల్టుల లైను 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. అప్పటికీ తెర రాకపోతే బీప్ వినండి. ఒక పొడవు, రెండు పొట్టి వస్తే వీడియో కార్డు, లేదా బోర్డు మీది డిప్ స్విచ్‌ల (వరుసగా ఉండే బుల్లి మీటల) సెట్టింగు. మోనోక్రోమ్ (ఒకే రంగు) మానిటర్‌ని సీజీఏ అనే రంగుల వీడియో కార్డుకి తగిలించకండి. 9 పిన్నుల ప్లగ్ చక్కగా పడుతుంది కానీ ఫ్రీక్వెన్సీ వేరు, మానిటర్ కాలిపోవచ్చు.