న్యూజెర్సీ చలికి దెబ్బతిన్న వెల్లుల్లి మడి

అక్టోబరులో నాటిన వెల్లుల్లి మార్చికల్లా ఆకుల కొనలు మాడి వాలిపోయింది, కొన్ని రెబ్బలు మట్టిపైకి తేలాయి, అంతా పీకేసి వేరే ఏదైనా వేయనా అని అడిగారు. పీకకండి. మా న్యూజెర్సీ పెరట్లో ఏటా చూసే దృశ్యమే ఇది. ఆకు మాడినా, కొత్త ఆకులు పుట్టే మొగ్గ మట్టి లోపల భద్రంగానే ఉంటుంది. అసలు ఆ చలి తగలకపోతే గడ్డ రెబ్బలుగా విడదు, ఒంటిగడ్డగా మిగిలిపోతుంది.

పైకి తేలిన రెబ్బలను ముందు చూడండి. పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టే నేల వాటిని అలా నెట్టేస్తుంది. వేలితో లోపలికి నొక్కితే వేర్లు తెగుతాయి. పక్కనుంచి మట్టి, కంపోస్టు ఎగదోసి రెండంగుళాల మేర కప్పండి. వేర్లతో సహా బయటపడ్డవాటికి చిన్న గుంత తీసి మళ్లీ నాటాలి. మెత్తబడి కంపు కొడుతున్న రెబ్బను చెత్తలో పారేయండి, కంపోస్టులో మాత్రం వేయకండి. దాని అడుగున తెల్లని బూజు, అందులో గసగసాలంత నల్లని గింజలు ఉంటే అది తెల్లకుళ్లు. ఆ మడిలో ఏళ్ల తరబడి ఉల్లి జాతి ఏదీ వేయకూడదు.

పైన కప్పిన ఎండుగడ్డి తడిసి ముద్దగా ఉంటే పక్కకు లాగి నేలకు ఎండ తగలనివ్వండి. కలుపు మొదలయ్యాక మళ్లీ పరచవచ్చు.

ఆకుల పసుపు రంగు చూసి కంగారుగా ఎరువు గుమ్మరించడం నాకు నచ్చదు. నేల చల్లగా ఉన్నంతకాలం వేర్లు దాన్ని సరిగా అందుకోలేవు. ఏప్రిల్‌లో పచ్చని కొత్త ఆకులు లేచాక నత్రజని ఇవ్వండి. ఇక్కడ చాలామంది బ్లడ్ మీల్, అంటే ఎండబెట్టిన పశువుల రక్తం పొడి, చల్లుతారు; మేం శాకాహారులం, పెరట్లో కూడా మనసొప్పక సోయా పిండి వాడతాం. మే మొదటి వారం దాటాక ఆపేయాలి, లేదంటే ఆకు ఏపుగా పెరిగి గడ్డ చిన్నదవుతుంది.

సగం పచ్చగా ఉన్న ఆకులను కత్తిరించకండి. గడ్డ మీద ఒక్కో పొర ఒక్కో ఆకుది. ఆకులు తగ్గితే జులైలో తవ్వే గడ్డ ఎక్కువకాలం నిలవదు. గట్టి కాడ రకమైతే జూన్‌లో మెలితిరిగిన పూకాడలు వస్తాయి. వాటిని విరిచేస్తే గడ్డ లావెక్కుతుంది. విరిచినవి పారేయకుండా కందిపప్పులో తరిగి వేయండి.