పూయలేదని పీకెయ్యకు

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ దీవెనలు. మియాపూర్ ఫ్లాటు బాల్కనీలో వేలాడే మినీ గులాబీలో కొత్త రకం పుట్టించాలని నువ్వు పూనుకున్నావట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ పెద్దనాన్న పోయాక మన ఇళ్లలో ఆ పని మళ్లీ ఎవరూ చెయ్యరనుకున్నాను. ఎంత సంతోషపడ్డానో నీకు చెప్పలేను. అంతలోనే మీ అమ్మ, "వచ్చే ఏడాది నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాకి మొక్క రెడీ చేస్తుందట అక్కా" అంది. గుండె గుభేలుమంది. ఏడాదిలో అయ్యే పని కాదు తల్లీ ఇది. ఎవరు చెప్పారు నీకు? ఏడాదికి నీ చేతిలో ఉండేది నాలుగాకుల నారు మాత్రమే.

ముందు నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. ఆరు గంటల ఎండ తగలాలి. ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలుపు. బోరు నీళ్లే పోస్తూ ఉంటే ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అలా అయితే కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో పొయ్యి. కాయ కాయించే తల్లి మొక్క అంటు కట్టింది కాకుండా సొంత వేరుదే తెచ్చుకో. బలమైన వేరుమొక్క మీద కడితే మినీ గులాబీ కూడా బలిసి పెద్దదైపోతుంది, దాని అసలు కొలత నీకు తెలియదు.

ఇక రెండు రకాల పువ్వులను కలిపే పని. మన హైదరాబాదులో డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో చెయ్యి. ఎండలు ముదిరాక కాయ నిలవదు. రేపు విచ్చుకుంటుందనిపించే మొగ్గను పొద్దున్నే, ఎండ పడకముందే ఎంచుకో. రంగు కనిపిస్తూ ఉండాలి, రేకులు మాత్రం ఇంకా బిగుసుకుని ఉండాలి. రేకులు ఒలిచేస్తే లోపల చుట్టూ పుప్పొడి ఉండే పసుపుపచ్చటి కేసరాలు, నడుమ చిన్న కుచ్చులా పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు కనిపిస్తాయి. సన్నటి పట్టకారుతో కేసరాలన్నీ తీసెయ్యి, ఒక్కటి మిగిలినా లెక్క తప్పుతుంది. మినీ పువ్వు కదా, మొత్తం బొటనవేలి గోరంత కూడా ఉండదు. అద్దాలు పెట్టుకుని, మోచేతులు బల్ల మీద ఆనించి చెయ్యి. తీసేశాక పల్చటి గుడ్డ సంచి తొడుగు. మర్నాడు కీలాగ్రం మెరుస్తూ జిగురుగా కనిపిస్తుంది, అప్పుడు తండ్రి పువ్వు పుప్పొడి అద్దు. ఆ కేసరాలను ముందురోజే కోసి, సాసర్లో కాగితం మీద నీడన ఆరబెట్టుకోవాలి.

కాయ పండి నారింజ రంగుకు రావడానికి సుమారు నాలుగు నెలలు పడుతుంది. ఆ నాలుగు నెలలూ సంచి తియ్యకు. మా మల్కాజ్‌గిరి డాబా మీద ఉడతలు పండిన కాయను ఒక్క పూటలో ఖాళీ చేసి, తొక్క అక్కడే వదిలేసి పోయేవి. మీకు తొమ్మిదో అంతస్తు కాబట్టి ఉడతలు రావేమో, పావురాలు మాత్రం వస్తాయి. చీటీ మీద పెన్సిల్‌తో రాయి, తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత. మార్కర్ పెన్ను మన మే నెల ఎండకు తెల్లబోతుంది. గింజలు కడిగి ఆరబెట్టి దాచుకుని, ఆగస్టులో తడి టిష్యూలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. నాలుగు డిగ్రీల చల్లదనంలో రెండు నెలలు ఉంటేనే గింజ మొలకకు ఒప్పుకుంటుంది. రాత్రులు చల్లబడ్డాక అక్టోబరులో విత్తు. మొలిచేవి కొన్నే ఉంటాయి. బెంగపెట్టుకోకు.

ఇప్పుడు చెప్పబోయేదాని కోసమే ఈ ఉత్తరం. నిదానంగా చదువు.

వేలాడే గుణం కావాలంటే ఎక్కడో ఒకచోట వికురానా రక్తం ఉంటే మంచిది. జపాన్, కొరియా, తూర్పు చైనాల్లో నేల మీద పాకే అడవి గులాబీ అది. ఆకు నూనె రాసినట్టు మెరుస్తుంది. మీ పెద్దనాన్న ఊటీలో ఒక స్నేహితుడి తోట నుంచి దాని కొమ్మ తెచ్చి కుండీలో బతికించారు. దాని పుప్పొడిని మా గులాబిరంగు మినీ మీద అద్దారు. కాయలు నిలిచాయి, గింజలు మొలిచాయి. ఆయన పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా డాబా మీదికి పోయేవారు. సంక్రాంతి దాటాక ఆ నారులో ఒక్క మొక్క, జానెడైనా లేదు, మొగ్గ వేసింది. ఇల్లంతా పిలిచి చూపించారు. మిగతావి ఒక్క మొగ్గైనా వెయ్యకుండా ఆకు మీద ఆకు, తీగ మీద తీగ సాగి, పక్క కుండీల మీద పడి పాకుతున్నాయి. డాబా మీద చోటు లేదు, ఎండాకాలం వస్తోంది, నీళ్లకు కటకట. ఉగాది ముందు ఒక ఆదివారం పూట కూర్చుని ఆ పూయనివన్నీ పీకేశారు. పుస్తకంలో తేదీ వేసి, "పూయలేదు. తీసేశాను." అని రాసుకున్నారు.

మిగిలిన ఆ ఒక్కటి పెరిగే కొద్దీ నిటారుగా నిలబడింది. ఆకు తల్లి ఆకులాగే మందంగా, మెరుపు లేకుండా ఉంది. అది కలిసిన మొక్కే కాదు. మొగ్గలో కేసరం ఏదో మిగిలి, తల్లి తన పుప్పొడి తానే అందుకుంది. అసలు సంకరాలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి.

ఎందుకిలా జరుగుతుందో చెప్తాను, బాగా గుర్తుపెట్టుకో. వికురానా ఏడాదికి ఒక్క విడతే పూస్తుంది. మన మినీ గులాబీలు చైనా గులాబీల సంతతి, మళ్లీ మళ్లీ పూస్తాయి. ఈ మళ్లీ పూసే గుణం అణిగి ఉండే రకం, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. అందుకని మొదటి తరం పిల్లలు మొదటి ఏడాది పూయవు, పొడుగ్గా పాకుతాయి. గుణం మాత్రం లోపలే దాగి ఉంటుంది. ఆ మొక్క రెండో ఏడో మూడో ఏడో పూసినప్పుడు దాన్ని మళ్లీ ఒక మంచి మినీతో కలిపితే, ఇద్దరికీ రెండేసి వరసల క్రోమోజోములు (గుణాలను మోసేవి) ఉన్న చోట లెక్క ప్రకారం వచ్చే పిల్లల్లో సగం ఏడాది పొడుగునా పూసేవిగా తేలతాయి. పొట్టితనం సంగతి నయం, మినీలలో అది ఎక్కువగా మొదటి తరంలోనే పైకి వస్తుంది.

కాలిఫోర్నియాలో విసేలియా ఊళ్లో రాల్ఫ్ మూర్ అని ఒకాయన ఉండేవారు. 1907లో పుట్టి 2009 వరకూ బతికారు. మినీ గులాబీలకే జీవితం ఇచ్చిన మనిషి. ఆయన 1940లలో వికురానాను ఫ్లోరడోరా అనే ఎర్ర గులాబీతో కలిపి వచ్చిన ఒక మొక్కను ఉంచుకున్నారు. దాని సంతానంలో గ్రీన్ ఐస్ 1971లో వచ్చింది, రెడ్ కాస్కేడ్ 1976లో వచ్చింది. రెండూ ఇప్పటికీ వేలాడే కుండీల్లో పెట్టుకునేవే. ఒక్క మొక్కను ఎన్నేళ్లు నమ్ముకున్నారో లెక్క వేసుకో. మీ పెద్దనాన్న ఈ సంగతి చదివేసరికి మా వికురానా కుండీ ఒక మే నెలలో ఎండిపోయింది, ఆయన మోకాళ్లు కూడా మెట్లెక్కనివ్వని స్థితికి వచ్చాయి. "నేను పీకేసిన ఆ తీగలే కదా అసలువి" అన్నారు నాతో. ఆయన బాధపడటం నేను చాలాసార్లు చూశాను కానీ, అంత బాధ చూడలేదు.

కాబట్టి పూయలేదని ఏ మొక్కనూ పీకెయ్యకు. నీ బాల్కనీలో చోటు చాలకపోతే మా డాబా ఉంది, తెచ్చి ఇక్కడ పెట్టు, నీళ్లు నేను పోస్తాను. ఇప్పుడు పైకి మోటారు పెట్టించాను కూడా. తీసెయ్యాలనిపిస్తే జబ్బును చూసి తియ్యి: వానల్లో నల్లమచ్చ పడి అడుగు ఆకులన్నీ రాల్చేది, చలికాలంలో బూడిద తెగులుతో తెల్లబడేది. అవి ఎంత అందంగా పూసినా వద్దు. రెండు వేసవులు మన ఎండలో ఆకు నిలుపుకున్నదే రకం అవుతుంది. ఐఏఎస్ ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో గులాబీలు పుట్టించిన వీరరాఘవన్ గారు మన దేశపు అడవి గులాబీ క్లినోఫిల్లాను తీసుకున్నది వేడి వాతావరణం కోసమే. అవకాశం దొరికితే ఆ దారి కూడా ఆలోచించు.

ఒక్కో మొక్కకు జోడీ ఉండాలి. నచ్చిన నారు పెన్సిల్ మందం రాగానే కొమ్మ ముక్క నాటి, రెండోది వేరే ఇంట్లో పెట్టు. తండ్రి మొక్కకు కూడా అంతే. నాటిన ముక్క ఎవరికి ఇస్తున్నావో చూసుకుని ఇవ్వు. నర్సరీ వాళ్లకు అసలే ఇవ్వకు, ఎంత మంచిగా అడిగినా సరే. మొక్కల రకాల రక్షణకు వచ్చిన 2001 చట్టం కింద కొత్త రకాన్ని ఢిల్లీలో రిజిస్టర్ చేయించుకోవచ్చు. అయితే దరఖాస్తుకు ఏడాది కంటే ముందే మన దేశంలో అమ్మకానికి పోయి ఉంటే కొత్తదిగా ఒప్పుకోరు. ఆ రకం మిగతా రకాల కంటే వేరేగా కనిపించాలి, మొక్కలన్నీ ఒక్కలా ఉండాలి, ఏటా అలాగే రావాలి. రాజేంద్రనగర్ పూల పరిశోధన కేంద్రానికి ఒకసారి వెళ్లి మాట్లాడు. సిగ్గుపడకు.

ఇంకొక మాట, దీనికి నవ్వకూడదు. కుండీలు రెయిలింగ్ బయటికి వేలాడదియ్యకు. నీళ్లు పోసిన కుండీ ఎంత బరువుంటుందో ఎత్తి చూడు. తొమ్మిదో అంతస్తు కింద పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. స్లాబుకు కొక్కెం వేయించి లోపలే కట్టు. ఎర్రనల్లి పురుగుకు మందు కొట్టాల్సి వస్తే మూసిన బాల్కనీలో కొట్టకు, ముందు ఆకు అడుగున గట్టిగా నీళ్లు చిమ్మి చూడు. ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో కడుక్కుని, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో గుర్తు తెచ్చుకో. గుర్తు లేకపోతే ఈ వారమే వేయించుకో. రాత్రి పన్నెండు దాకా లాప్‌టాప్ ముందు కూర్చుని పొద్దున అయిదుకు మొగ్గలు ఒలుస్తానంటే ఒళ్లు ఏమవుతుంది? మొగ్గల కాలంలో త్వరగా పడుకో.

మీ పెద్దనాన్న పుస్తకాలు, పట్టకారు, గుడ్డ సంచులు ఒక పెట్టెలో సర్ది ఉంచాను. పుస్తకాల్లో అక్షరాలు కొంచెం గజిబిజిగా ఉంటాయి, తెలియనివి నన్నడుగు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. గుత్తివంకాయ కూర చేస్తాను. వెళ్లేటప్పుడు పెట్టె తీసుకుపో, ఆటోలో వద్దు, బరువుగా ఉంది, క్యాబ్ బుక్ చేసుకో.

ప్రేమతో,
మీ పెద్దమ్మ