వ్యాన్‌లో దండెం ఎక్కడ కట్టుకోవాలి?

క్యాంపర్ వ్యాన్‌లో ఉంటున్నవాళ్లు, త్వరలో బయల్దేరబోతున్నవాళ్లు ఈసారి రాసిన ఉత్తరాల్లో ఎక్కువ బట్టల గురించే ఉన్నాయి. పడక ఎక్కడ, స్టవ్ ఎక్కడ అని నెలల ముందు నుంచే ప్లాన్ చేసుకుంటాం, విడిచిన బట్టల సంగతి మాత్రం మూడో రోజు సంచి నిండాకే గుర్తొస్తుంది. ఒకేలాంటి ఉత్తరాలను కలిపి, కాస్త కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేనూ మా ఆయనా మూడు నెలలు వ్యాన్‌లో తిరగాలనుకుంటున్నాం. మా నీళ్ల ట్యాంకు 70 లీటర్లు. వాషింగ్ మెషీన్ పెట్టే చోటు లేదు. చేత్తో ఉతికితే ట్యాంకు ఒక్క పూటలో ఖాళీ అవుతుందని మా ఆయనకి టెన్షన్. నిజంగా అన్ని నీళ్లు కావాలా?

జవాబు: ఇంట్లోలాగా కుళాయి తిప్పి వదిలేసి జాడిస్తే మీ ఆయన భయపడ్డట్టే అవుతుంది. ఇంట్లో వాడే ఫ్రంట్ లోడ్ మెషీన్‌కే ఒక్క విడతకి 40 నుంచి 60 లీటర్ల దాకా పడుతుంది. కానీ ఇద్దరు మనుషులు ఒక్క రోజులో విడిచిన బట్టలు, అంటే లోదుస్తులు, సాక్సులు, రెండు టీషర్టులు, వీటికి 12 లీటర్లు చాలు. ఉతకడానికి నాలుగు, మొదటిసారి జాడించడానికి నాలుగు, రెండోసారికి నాలుగు.

కిటుకంతా మధ్యలో గట్టిగా పిండడంలో ఉంది. లెక్క చూడండి. పిండిన తర్వాత కూడా మీ బట్టల్లో ఒక లీటరు సబ్బునీళ్లు ఉండిపోయాయి అనుకుందాం. దాంట్లో నాలుగు లీటర్ల మంచినీళ్లు పోస్తే సబ్బు అయిదో వంతుకి పలచబడుతుంది. మళ్లీ పిండి, మళ్లీ నాలుగు పోస్తే ఇరవై అయిదో వంతుకి దిగుతుంది. అదే ఎనిమిది లీటర్లూ ఒకేసారి పోసి జాడిస్తే తొమ్మిదో వంతు దగ్గరే ఆగిపోతుంది. నీళ్లు అవే, ఫలితంలో దాదాపు మూడింతల తేడా. అందుకే బకెట్ నిండా నీళ్లు పోసుకుని ఒక్కసారి జాడించి పని అయిందనుకోకండి. రెండో జాడింపు నీళ్లు దాదాపు శుభ్రంగానే ఉంటాయి కాబట్టి వాటిని పారబోయకుండా మూత పెట్టి ఉంచి, మర్నాడు ఉతకడానికి వాడుకోవచ్చు. ఒక్క రోజుకి మించి మాత్రం ఉంచొద్దు, వాసన వస్తుంది.

రెండోది సబ్బు. నాలుగైదు లీటర్ల నీళ్లకి అర టీస్పూను లిక్విడ్ సరిపోతుంది. నురగ రాకపోతే మురికి పోలేదనే భ్రమ మనలో చాలామందికి ఉంది. మురికిని వదిలించేది నురగ కాదు. సబ్బు అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస జిడ్డుని పట్టుకుంటుంది, అలా జిడ్డు నీళ్లలోకి వచ్చేస్తుంది. ఎక్కువ వేసిన సబ్బు బట్టలోనే మిగిలిపోయి ఒంటికి దురద పెడుతుంది, కొత్త మురికిని పట్టి ఉంచుతుంది, అది వదలాలంటే ఇంకో నాలుగు లీటర్లు కావాలి. వ్యాన్‌లో సబ్బు పొదుపు చేస్తే నీళ్లు పొదుపు చేసినట్టే.

చేతులకి శ్రమ తగ్గాలంటే మరలు తిప్పి గట్టిగా బిగించే మూత ఉన్న 20 లీటర్ల బకెట్ ఒకటి కొనుక్కోండి. బట్టలు, గోరువెచ్చని నీళ్లు, సబ్బు వేసి మూత బిగించి బండి నడపండి, రోడ్డు కుదుపులే బట్టలు ఉతికిపెడతాయి. మూడింట రెండు వంతులకి మించి నింపొద్దు, బట్టలు కదలడానికి ఖాళీ ఉండాలి. అరగంట, ముప్పావుగంట ప్రయాణం చాలు. సలసల కాగే నీళ్లు పోసి మూత బిగించొద్దు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. దయచేసి దాన్ని కింద, నేలకి ఆనించి, బెల్టుతో కట్టండి. 12 లీటర్ల నీళ్లంటే 12 కిలోల బరువు, సడన్ బ్రేకు వేస్తే అది మీ వీపు మీదకి వస్తుంది.

ఒక్క మాట చెప్పాలి, మీరు అడగకపోయినా. వారానికి ఒకసారి ఉతుకుదాంలే అని కుప్ప పెట్టుకోకండి. కుప్ప పెరిగితే నీళ్లు చాలకపోవడం ఒకటి, ఆరేయడానికి చోటు లేకపోవడం అంతకంటే పెద్ద కష్టం. రోజూ రాత్రి పది నిమిషాలు.

ప్రశ్న: అక్కా, నాలుగు నెలల నుంచి ఒక్కడినే వ్యాన్‌లో ఉంటున్నాను. ఉతకడం వచ్చేసింది కానీ వానల్లో బట్టలు ఆరట్లేదు. లోపల ఆరేస్తే తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి, బట్టలకి ముక్క వాసన, పరుపు కూడా చెమ్మగా అనిపిస్తోంది. స్టవ్ వెలిగించి వేడి చేస్తే ఇంకా ఎక్కువైంది. వాన పడుతుంటే కిటికీ తీస్తే బయటి తేమ లోపలికి రాదా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ స్టవ్ సంగతి. బట్టలు ఆరడానికి గాని, వ్యాన్ వెచ్చబడడానికి గాని దాన్ని ఇంకెప్పుడూ వెలిగించకు. ఒక కిలో గ్యాస్ మండితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది, అంటే నువ్వు ఆరబెట్టాలనుకున్న చోటే తడి పోస్తున్నావు. అంతకంటే ముఖ్యం, మూసి ఉన్న వ్యాన్‌లో మంట పెడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆ వాయువుని పసిగట్టే అలారం నీ వ్యాన్‌లో లేకపోతే బట్టల సంగతి తర్వాత, ముందు అది కొను.

నువ్వు చెప్పిన అవస్థ నేనూ పడ్డాను. మొదటి వానాకాలంలో రెండు టవళ్లు, ఒక జీన్స్ లోపల ఆరేసి, అన్నీ బిగించి పడుకునేదాన్ని. రెండు వారాలయ్యాక పరుపు ఎత్తి చూస్తే కింద చెక్క పొడవునా నల్లటి బూజు. ఆ చెక్క తీసి పారేయాల్సి వచ్చింది. ఎందుకలా జరిగిందో లెక్క వేసుకున్నాకే నా పద్ధతి మారింది.

20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 17 గ్రాముల ఆవిరిని మోయగలదు. నీ వ్యాన్‌లో 10 ఘనపు మీటర్ల గాలి ఉందనుకో, మొత్తం కలిపి 170 గ్రాములు. చేత్తో పిండిన నూలు బట్టలో దాదాపు బట్ట బరువంత నీరు ఉంటుంది. అంటే కిలో బట్టలు ఆరేస్తే లీటరు నీళ్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి, నీ గాలిలో పట్టేది అందులో దాదాపు ఆరో వంతే. మిగతాది బట్టలోనే ఉండిపోతుంది, లేదా చల్లగా ఉన్న అద్దాల మీద, రేకు మీద, పరుపు కింద మళ్లీ నీళ్లుగా మారుతుంది. ఎంత వేడి చేసినా గాలి మారకపోతే ఆ నీళ్లు వ్యాన్ దాటి పోవు.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. బయట వాన పడుతూ 10 డిగ్రీలు ఉన్నా, ఆ గాలి నిండుగా తడిసి ఉన్నా, దాంట్లో ఉండేది ఘనపు మీటరుకి తొమ్మిదిన్నర గ్రాముల లోపే. అది లోపలికొచ్చి 20 డిగ్రీలకి వెచ్చబడగానే ఇంకో ఏడెనిమిది గ్రాముల్ని మోసుకుపోయే శక్తి దానికి వస్తుంది. కాబట్టి బయట లోపలికంటే చల్లగా ఉన్నంతసేపూ, వాన పడుతున్నా సరే, కిటికీ తియ్యి. రూఫ్ ఫ్యాన్ గాలిని బయటికి తోసేలా పెట్టి, అవతలి చివర కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి, ఆ రెండింటి మధ్య గాలి నడిచే దారిలో దండెం కట్టు. మూలలో కట్టిన దండెం మీద బట్టలు రెండు రోజులైనా ఆరవు. బయట కూడా వెచ్చగా, ఉక్కగా ఉంటే మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు, అప్పుడు లోపల ఆరేయొద్దు.

బండి నడుపుతున్నప్పుడు హీటరూ ఏసీ రెండూ కలిపి వేస్తే ఏసీ గాలిలోని తేమని లాగి కిందకి కార్చేస్తుంది, హీటరు వెచ్చబరుస్తుంది. రెండు గంటల ప్రయాణంలో ముందు సీట్ల వెనక వేలాడదీసిన టీషర్టులు చాలామటుకు ఆరిపోతాయి. అద్దాలకి అడ్డం రానివ్వకు.

ఇవన్నీ చేసే ముందు చెయ్యాల్సింది, అసలు బట్టలో నీళ్లు తగ్గించడం. పిండిన బట్టని పొడి టవల్ మీద పరిచి, చాపలా చుట్టి, మోకాలితో గట్టిగా నొక్కు. చేత్తో పిండితే రాని నీళ్లు టవల్‌లోకి దిగుతాయి. చోటుంటే చిన్న స్పిన్నర్, అంటే తడి బట్టల్ని గిర్రున తిప్పి నీళ్లు విసిరేసే మెషీన్, కొనుక్కో, వ్యాన్‌లో బట్టల కోసం డబ్బు పెట్టాల్సిన వస్తువు ఒక్కటే అంటే నేను దాని పేరే చెప్తాను. 300 వాట్ల స్పిన్నర్ నాలుగు నిమిషాలు తిరిగితే అయ్యే ఖర్చు 20 వాట్ అవర్లు. అదే లీటరు నీళ్లని వేడితో ఆవిరి చెయ్యాలంటే యూనిట్‌లో (యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు) మూడింట రెండు వంతులు, అంటే 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా పోతుంది. నీళ్లని వేడితో తరమడం కంటే తిప్పి విసిరేయడం ఎన్నో రెట్లు చవక.

బట్ట రకం కూడా చూసుకో. జీన్స్, మందపాటి టవళ్లు వ్యాన్‌కి శత్రువులు. పాలిస్టర్ నీటిని దాదాపు పీల్చుకోదు కాబట్టి గంటల్లో ఆరుతుంది, కానీ చెమటలోని జిడ్డుని పట్టుకుని త్వరగా కంపు కొడుతుంది, దాన్ని ఏ రోజుకారోజు ఉతకాలి. పల్చటి ఉన్ని టీషర్టు నాలుగు రోజులు వేసుకున్నా వాసన రాదు, రాత్రి గాలికి వేలాడదీస్తే చాలు.

ప్రశ్న: ప్రకృతికి హాని లేదని రాసి ఉన్న సబ్బు వాడుతున్నాం. దానితో నదిలో ఉతుక్కోవచ్చు కదా?

జవాబు: వద్దు. అలాంటి సబ్బు కూడా విడిపోవాలంటే మట్టి, మట్టిలోని సూక్ష్మజీవులు, కొంత సమయం కావాలి. నేరుగా నీళ్లలో కలిస్తే చేపల మొప్పలకి ఏ సబ్బైనా ఒకటే. బకెట్‌తో నీళ్లు తెచ్చుకుని ఒడ్డుకి కనీసం 60 మీటర్ల దూరంలో, అంటే పెద్దవాళ్ల అడుగుల్లో డెబ్బై దాటాక, ఉతుక్కోండి. ఆ నీళ్లు మీ మురికినీటి ట్యాంకులో పోసి, ఖాళీ చెయ్యడానికి కేటాయించిన చోట వదలండి. చాలాచోట్ల నేల మీద పారబోయడం కూడా నేరమే. రోడ్డు పక్క వాననీళ్ల కాలవ చూసి అందులో పోసేస్తుంటారు కొందరు, చాలా ఊళ్లలో అది ఏ శుద్ధీ లేకుండా నేరుగా నదికే వెళ్తుంది. ఇక సముద్రపు నీళ్లతో ఉతికామని ఇంకొకరు రాశారు. బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమని లాగుతూనే ఉంటుంది, ఆ బట్ట పూర్తిగా ఆరదు. చివరి జాడింపైనా మంచినీళ్లతో చెయ్యండి.

ప్రశ్న: అక్కా, ఇది అడగడానికి కాస్త మొహమాటంగా ఉంది. కుటుంబమంతా, అయిదుగురం ఒకే వ్యాన్‌లో వెళ్తున్నాం. నెలసరిలో నేను గుడ్డ ప్యాడ్లు వాడతాను. ఎలా ఉతకాలి, అందరి ఎదుటా ఎక్కడ ఆరేయాలి?

జవాబు: మొహమాటపడకండి, అందరికీ పనికొచ్చే ప్రశ్న అడిగారు. వీలైనంత త్వరగా చల్లటి నీళ్లలో వేయండి. వేడి నీళ్లు తగిలితే రక్తంలోని ప్రోటీన్ గడ్డకట్టి మరక దారాల్లో దిగిపోతుంది, తర్వాత ఒక పట్టాన పోదు. మూత ఉన్న చిన్న డబ్బాలో చల్లటి నీళ్లు పోసి నానబెట్టి, ఆ నీళ్లు టాయిలెట్‌లో పోసేసి, అప్పుడు ఎంజైములు ఉన్న డిటర్జెంట్‌తో ఉతకండి. ఆ ఎంజైములు ప్రోటీన్‌ని కొరుకుతాయి కాబట్టే మరక పోతుంది. అదే కారణంగా ఉన్ని, పట్టు బట్టలకి మాత్రం ఆ డిటర్జెంట్ వాడకూడదు, ఆ దారాలూ ప్రోటీనే.

ఆరేయడం దగ్గర గట్టిగా చెప్తున్నాను. ఎవరైనా చూస్తారని సంచిలోనో, పరుపు కిందో దాచి ఆరబెట్టకండి. సగం తడి ఉన్న గుడ్డలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, దాన్ని మళ్లీ వాడితే ఇన్ఫెక్షన్ రావచ్చు. గుండ్రంగా క్లిప్పులు వేలాడే హ్యాంగరు దొరుకుతుంది. ప్యాడ్లు లోపలి వరసలో, సాక్సులు చుట్టూ బయటి వరసలో పెట్టి ఎండలో తగిలించండి. ఎవరికీ కనిపించవు, గాలీ ఎండా తగులుతాయి. వానగా ఉంటే అదే హ్యాంగరు రూఫ్ ఫ్యాన్ కింద. పూర్తిగా ఆరేదాకా మళ్లీ వాడొద్దు, అందుకని ఇంట్లో వాడేదానికంటే నాలుగైదు ఎక్కువ పట్టుకెళ్లండి.

ప్రశ్న: టవళ్లకి పట్టిన కంపు ఎన్నిసార్లు ఉతికినా పోవట్లేదు. వెనిగర్, బ్లీచ్ రెండూ కలిపి వేస్తే బలంగా పనిచేస్తాయని విన్నాను.

జవాబు: ఎప్పుడూ కలపకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, వ్యాన్ అంత చిన్న చోట అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. ఒక్క వెనిగర్ చాలు. ఒక బకెట్ నీళ్లలో కప్పు పోసి, అరగంట నానబెట్టి, జాడించి, మండే ఎండలో ఆరేయండి. అప్పటికీ పోకపోతే లాండ్రోమాట్‌లో, అంటే డబ్బులిచ్చి మెషీన్లలో మన బట్టలు మనమే ఉతుక్కునే చోట, 60 డిగ్రీల దగ్గర ఒకసారి తిప్పండి.

ప్రశ్న: లాండ్రోమాట్‌కి ఎప్పుడు వెళ్లాలి? ఇంజిన్ పనికి వాడిన గుడ్డలు కూడా అందులో వేసెయ్యొచ్చా?

జవాబు: దుప్పట్లు, టవళ్లు, దిండు గలీబులు రెండు వారాలకోసారి అక్కడికి తీసుకెళ్లండి, వీటిని చేత్తో ఉతికి వ్యాన్‌లో ఆరబెట్టాలని చూడకండి. వేసే ముందు డ్రమ్ములో చెయ్యి పెట్టి చుట్టూ తడిమి చూడండి, ముందువాళ్ల బ్లీచ్ వాసన వస్తే ఇంకో మెషీన్ చూసుకోండి. డ్రయ్యర్‌లో బట్టల నుంచి ఊడిన నూగు పట్టే జాలీ శుభ్రం చేశాకే మొదలుపెట్టండి, బట్టలు త్వరగా ఆరతాయి, మంట అంటుకునే ప్రమాదమూ తగ్గుతుంది.

పెట్రోలు, ఆయిల్ పట్టిన గుడ్డల్ని మాత్రం డ్రయ్యర్‌లో అస్సలు వేయొద్దు. ఉతికినా అవి పూర్తిగా పోవు, వేడికి అంటుకుంటాయి. అక్కడి మెషీన్‌లో ఉతకడానికి కూడా వేయొద్దు, మీ తర్వాత వచ్చేవాళ్ల పిల్లల బట్టలకి ఆ ఆయిల్ అంటుతుంది. ఇక డ్రయ్యర్ నుంచి తీసిన దుప్పట్లు వేడివేడిగా మడిచి అరలో కుక్కేయకండి. పది నిమిషాలు సీటు మీద పరిచి, అంచులూ కుట్లూ చేత్తో తడిమి, ఎక్కడా చెమ్మ లేదనుకున్నాకే లోపల పెట్టండి.